తమ్ముడికి చోటు దొరికితేనే అక్కకు బడి

ప్రశ్న: మేము గచ్చిబౌలి దాటాక వచ్చే కొత్త టవర్లలో ఒకదానిలో ఏడాదిన్నరగా ఉంటున్నాము. మా ప్రహరీ గోడకు అవతల మరో పెద్ద భవనం లేస్తోంది. అక్కడి రేకుల షెడ్లలో ఉండే కూలీలలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, ఆమె ఇద్దరు పిల్లలు ఉన్నారు. భర్త ఏడాది కిందట వెళ్లిపోయాడట, జాడ లేదు. పెద్దది ఆడపిల్ల, పదేళ్లుంటాయి, బడికి పోదు. తల్లి పనిలోకి వెళ్లినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా తమ్ముణ్ణి చంకనేసుకుని ఇసుక కుప్పల దగ్గర తిరుగుతుంటుంది. పిల్లవాడికి రెండేళ్లు నిండాయంటుంది తల్లి, చూస్తే ఏడాది బిడ్డలా ఉంటాడు. వాణ్ణి ఎత్తుకుని మా ఇంట్లోని తూకం మీద నిలబడి, నా బరువు తీసేసి చూస్తే ఎనిమిది కిలోలు వచ్చింది. దగ్గరలోని అంగన్‌వాడీకి తీసుకెళితే, వీళ్లు మా సర్వేలో లేరు, పిల్లవాడికి ఆధార్ కూడా లేదు అన్నారు. నేను రోజూ పాలు, బిస్కెట్లు ఇస్తున్నాను. మావారు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయమంటారు. చేస్తే పిల్లలను తీసుకెళ్లిపోతారేమోనని నా భయం. మా అసోసియేషన్‌లో ఒకరు ఇద్దరినీ ఏదైనా ఆశ్రమంలో చేర్పించడం మేలంటారు, ఇంకొకరు తమ బంధువులు పిల్లవాణ్ణి పెంచుకుంటారంటారు. మా అబ్బాయేమో ఫోటో తీసి సోషల్ మీడియాలో పెడితే అధికారులే పరుగెత్తుకొస్తారంటాడు. ఏది సరైన దారో చెప్పగలరు.

ఒక గృహిణి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, కాగితాల సంగతి తరువాత చూద్దాం, ముందు పిల్లవాడి ఒంటి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం రెండేళ్లు నిండిన మగపిల్లవాడు ఇంచుమించు 12 కిలోలు తూగాలి. 9.7 కిలోల కంటే దిగితే బరువు తక్కువని, 8.6 కంటే దిగితే తీవ్రంగా తక్కువని లెక్క. అంగన్‌వాడీలలో వాడే ఎదుగుదల చార్టులోని పచ్చ, పసుపు, ఎరుపు పట్టీలకు ఆధారం ఈ ప్రమాణాలే. మీది పెద్దవాళ్ల తూకం కనుక కొన్ని వందల గ్రాములు అటూ ఇటూ కావచ్చు, తల్లి చెప్పిన వయసులో ఒకటి రెండు నెలల తేడా ఉండవచ్చు. అవన్నీ ఉన్నాయనుకున్నా పిల్లవాడు ఎరుపు పట్టీలోనో, దాని అంచునో ఉన్నట్టే. ఇది ఆ ఒక్క షెడ్డులోని కథ అని కూడా అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోని ఐదేళ్లలోపు పిల్లలలో 33.1 శాతం వయసుకు తగిన ఎత్తు లేరు, 21.7 శాతం ఎత్తుకు తగిన బరువు లేరు. 2015-16 నాటి సర్వేతో పోలిస్తే ఈ రెండు అంకెలూ పెరిగాయి. నగరం లేచిన ఎత్తుకు పిల్లలు ఎదగలేదన్న మాట.

బరువు కన్నా త్వరగా ప్రమాదం చెప్పేది జబ్బ చుట్టుకొలత. ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో మూడు రంగుల టేపు ఉంటుంది. ఎడమ చేతిని వదులుగా వేలాడనిచ్చి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన, బిగించకుండా, జారిపోకుండా చుట్టి చూడాలి. టేపు దొరికేలోపు ఒక సన్నని కాగితం ముక్కను చుట్టి, గుర్తు పెట్టి, స్కేలు మీద కొలవవచ్చు. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే అతి తీవ్రమైన పోషకాహార లోపం, 11.5 నుంచి 12.5 లోపు వస్తే ఒక మోస్తరు లోపం. వీటినే మా అంగన్‌వాడీ వాళ్లు సామ్, మామ్ అంటారు. నేను అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా తిరిగే రోజుల్లో ఇటుక బట్టీ దగ్గర ఒక బిడ్డ జబ్బకు టేపు చుడుతుంటే, ఆ తల్లి సంబరపడి, "చొక్కా కుట్టిస్తారా అమ్మా?" అని అడిగింది. టేపు ఎర్ర గీత దగ్గర ఆగింది. ఆ తల్లికి ఏమని చెప్పాలో నాకు చాలాసేపు తోచలేదు. అందుకే మీరు కొలిచే ముందే, ఎందుకు కొలుస్తున్నారో తల్లికి చెప్పండి.

కొలతతో పాటు పాదాలు కూడా చూడండి. రెండు పాదాల పైభాగాన్నీ బొటనవేలితో పది అంకెలు లెక్కపెట్టేంతసేపు నొక్కి వదిలితే గుంట పడి అలాగే ఉండిపోతే, అది వాపు. వాపున్న బిడ్డ చూడటానికి బొద్దుగా కూడా ఉండవచ్చు. అటువంటప్పుడు బరువు, టేపు ఏం చెప్పినా ఆస్పత్రికి వెళ్లవలసిందే. జ్వరం, ఆగని విరేచనాలు, గసపోయడం, పిలిచినా పలకని మగత, ఇచ్చినది తినకపోవడం, వీటిలో ఏది ఉన్నా అంగన్‌వాడీ గురించి ఆలోచించకుండా అదే రోజు తీసుకెళ్లండి. అంత ప్రమాదం లేదనిపిస్తే మొదట దగ్గరలోని బస్తీ దవాఖానాకో, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో వెళ్లడం మంచిది. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలలో డాక్టరు చూడటానికీ మందులకూ డబ్బు అక్కర్లేదు, ఊరు ఏదని అడిగే పని లేదు. అక్కడి నుంచి రాయించుకుని నిలోఫర్‌కు వెళితే, ఆ ఆస్పత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చుకునేదీ లేనిదీ వాళ్లు ఆకలి పరీక్ష చేసి తేలుస్తారు. అంటే, తూచి ఇచ్చిన ఆహారాన్ని బిడ్డ ఎంతవరకు తింటున్నాడో చూస్తారు.

చేర్చుకుంటే ఇంచుమించు రెండు వారాలు ఉండవలసి వస్తుంది. తల్లి పక్కన ఉండాలి. ఇక్కడే చాలా కుటుంబాలు వెనకడుగు వేస్తాయి. తల్లికి తిండి, పోయిన కూలీకి బదులుగా కొంత డబ్బు ఇచ్చే ఏర్పాటు ఈ కేంద్రాల నిబంధనల్లోనే ఉంది కానీ, అది చేతికి వచ్చేది తరువాత. మేస్త్రీ పని ఉంచుతాడా, షెడ్డు ఖాళీ చేయమంటాడా అన్న భయం ఈ రోజుది. పదేళ్ల పిల్ల ఆ రెండు వారాలూ ఎవరి దగ్గర పడుకోవాలన్నది మరో ప్రశ్న. మీరు చేయగలిగిన అసలు సాయం పాల ప్యాకెట్ల కన్నా ఇదే కావచ్చు. మేస్త్రీతో ముందే ఒక మాట మాట్లాడి, పని పోకుండా చూడండి. ఆడపిల్లను తల్లి కళ్లెదుటే ఉంచడానికి వీలవుతుందా అని ఆస్పత్రి వాళ్లను అడగండి. వీలుకాకపోతే, తల్లి నమ్మే మనిషి ఆ షెడ్లలో ఎవరున్నారో తల్లినే అడగండి.

ఈలోగా తిండి విషయం. బిస్కెట్లు కడుపు నింపుతాయి, ఒళ్లు నింపవు. నీళ్లు కలిపిన పాలూ అంతే. అలాగని ఒక్కసారిగా గిన్నెల నిండా పెట్టకండి. బాగా చిక్కిపోయిన బిడ్డ శరీరం హఠాత్తుగా ఎక్కువ ఆహారాన్ని తట్టుకోలేదు, ఆస్పత్రిలో సైతం పలచని పాలతో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచడానికి కారణం అదే. డాక్టరు చూసి పరవాలేదన్నాక, మెత్తగా పిసికిన పప్పన్నంలో ఒక చెంచా నూనో నెయ్యో వేసి, రోజుకు ఐదారుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టించండి. ఉడికించిన గుడ్డు, అరటిపండు మంచివి. పెట్టే చేయి తల్లిదీ అక్కదీ అయితే మేలు, ఎందుకంటే మీరు వేసవికి ఊరెళ్లినా వాడి ఆకలి ఇక్కడే ఉంటుంది.

టీకాల కార్డు ఉందేమో తల్లిని అడగండి. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య వేయవలసిన బూస్టర్లు, తట్టు, రుబెల్లా రెండో డోసు ఈ పిల్లవాడికి అంది ఉండకపోవచ్చు. కార్డు పోయిందని సిగ్గుపడి మానేస్తారు చాలామంది. కార్డు లేకున్నా టీకాలు వేసే నర్సు, అంటే ఏఎన్‌ఎం, చూసి వేస్తుంది. తొమ్మిది నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి విటమిన్ ఏ చుక్కలు కూడా పడాలి. ఈ చుక్కల కార్యక్రమం 1970లో దేశమంతటా మొదలైంది, దాని వెనక ఉన్నది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన. ఈ నగరం దేశానికి నేర్పిన పని అది. తార్నాకకు పాతిక కిలోమీటర్ల లోపున ఉన్న రేకుల షెడ్డులో ఆ చుక్కలు పడని బిడ్డ ఉంటే నాకు కష్టంగా ఉంటుంది.

ఇక అంగన్‌వాడీ వాళ్లు చెప్పిన జవాబు. నేను ఆ టీచరును తప్పుపట్టే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను కూడా ఒక వలస కుటుంబాన్ని, మా లిస్టులో లేరు, మీ ఊళ్లో అడగండి అని తిప్పి పంపాను. మనసు రాయి అయి అన్న మాట కాదది. టీచరుకు సరుకు వచ్చేది పేర్ల లెక్కన. ముప్ఫై పేర్లుంటే ముప్ఫై మందికే గుడ్లు, పాలు, బియ్యం వస్తాయి. ముప్ఫై ఒకటో బిడ్డకు పెడితే ముప్ఫై మందిలో ఒకరికి తగ్గుతుంది, తగ్గినట్టు రాస్తే పైనుంచి మెమో వస్తుంది. అందుకే ఆమెతో గొడవ పడకండి. పేరు ఎక్కించమని అడగండి, పేరు ఎక్కితే సరుకు దాని వెంట వస్తుంది.

పేరు ఎక్కించడం ఆమె దయ మీద ఆధారపడిన విషయం కాదు. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలకు మూలమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు అది పథకమే. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రత చట్టంతో, ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ఉన్న ప్రతి బిడ్డకూ స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారం హక్కు అయింది. మామూలు బిడ్డకు రోజుకు 500 కిలోకేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీను, లోపంతో ఉన్న బిడ్డకు 800 కిలోకేలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రోటీను అని అప్పట్లో ఆ చట్టం షెడ్యూలులో అంకెలతో సహా రాశారు, 2023లో ఆ ప్రమాణాలను సవరించారు. స్థానిక అంగన్‌వాడీ అంటే బిడ్డ ప్రస్తుతం ఉన్న చోటి అంగన్‌వాడీయే. తెలంగాణలో మూడేళ్లలోపు పిల్లలకు ఇది నెలకు రెండున్నర కిలోల బాలామృతం పొడి ప్యాకెట్టుగా, 16 గుడ్లుగా ఇంటికి వెళుతుంది. లోపం ఉన్నట్టు తేలిన పిల్లలకు బాలామృతం ప్లస్ అని వేరే ప్యాకెట్టు ఉంది. కాబట్టి కొలతలు టీచరు రిజిస్టరులోకి ఎక్కడం ముఖ్యం, అవి ఎక్కకపోతే ఆ రెండో ప్యాకెట్టు రాదు.

పిల్లవాడికి ఆధార్ లేకపోవడం అడ్డు కాకూడదు. ఆధార్ చూపలేదని ఏ బిడ్డకూ ప్రయోజనాన్ని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న చెప్పింది, 2019లో ఆధార్ చట్టంలోనే ఆ మాట చేర్చారు. అంగన్‌వాడీ టీచర్లు నమోదుకు వాడే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పిల్లవాణ్ణి తల్లి ఆధార్ మీదనే నమోదు చేయవచ్చు. ఒకవేళ శ్రీకాకుళంలో ఇంతకుముందే పేరు ఉంటే, దాన్ని అక్కడి నుంచి ఇక్కడి కేంద్రానికి మార్చుకునే వీలు అదే యాప్‌లో ఉంది. బహుశా పేరు ఎక్కకపోవడానికి ఇదే కారణం కూడా కావచ్చు, తల్లిని అడిగి చూడండి. ఇక్కడ ఒక చిక్కు మాత్రం నిజంగా ఉంది. ఇప్పుడు ఇంటికిచ్చే ప్యాకెట్టు తీసుకోవాలంటే తల్లి ముఖం ఫోనులో సరిపోలాలి. తల్లి పొద్దున్నే పనిలోకి ఎక్కి చీకటి పడేవేళకు దిగుతుంది, అంగన్‌వాడీ తెరిచి ఉండేది ఆ మధ్యలోనే. సగం రోజు కూలీ పోగొట్టుకుంటేగాని ఉచిత ప్యాకెట్టు చేతికి రాదన్న మాట. మొదటిసారి నమోదుకు ఆమె వెళ్లక తప్పదు. ప్రతి నెలా వెళ్లవలసిన రోజు ఏదో టీచరును ముందే అడిగి, ఆ రోజు గంటసేపు వదలమని మేస్త్రీకి చెప్పుకునేలా చూడండి.

టీచరు చేతిలో పని కాకపోతే సెక్టారు సూపర్‌వైజరును, ఆపైన సీడీపీఓను, అంటే ఆ ప్రాంతపు అంగన్‌వాడీలను చూసే అధికారిని కలవండి. మీరు ఉండే చోటు ఏ జిల్లాలోదో ముందు తేల్చుకోండి. మనం హైదరాబాద్ అని పిలిచేది హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి జిల్లాలలో పరచుకుని ఉంది, రోడ్డు దాటితే జిల్లా మారే చోట్లు మీ వైపు ఉన్నాయి. తప్పు జిల్లా ఆఫీసులో వారం గడిచిపోతే బిడ్డకు వారం తిండి పోయినట్టే. అయినా కదలకపోతే, సోమవారాల్లో కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో ఒక కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. ఆ కాగితంలో ఈ ఒక్క బిడ్డ గురించే రాయకండి. ఆ షెడ్లలో ఆరేళ్లలోపు పిల్లలు ఎంతమంది ఉన్నారో ఒక సాయంత్రం కూర్చుని లెక్క రాయండి. అంగన్‌వాడీ లేని నివాసంలో ఆరేళ్లలోపు పిల్లలు నలభై మంది ఉంటే, అడిగిన మూడు నెలల్లో కేంద్రం పెట్టాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నలభై లేకపోయినా, పదిహేను మంది పిల్లల లెక్క చేతిలో ఉంటే సూపర్‌వైజరు వినే తీరు మారుతుంది. నా అనుభవంలో చెబుతున్నాను, ఒక బిడ్డ కోసం వచ్చినవారిని రేపు రమ్మనేవాళ్లం, జాబితాతో వచ్చినవారిని కూర్చోబెట్టేవాళ్లం.

ఇంతా చేసి ప్యాకెట్టు వస్తే, దాన్ని కలిపి తినిపించేది ఎవరు? మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పిల్లవాడి కన్నా ఆ అక్క. మూడేళ్లలోపు బిడ్డకు ప్రభుత్వం తిండిని ఇంటికి పంపుతుంది, ఇంట్లో పెట్టేవారు ఒకరు ఉంటారన్న నమ్మకంతో. మూడు నిండినవారినే అంగన్‌వాడీలో కూర్చోబెట్టి వేడి అన్నం పెడుతుంది. తల్లి ఎనిమిదో అంతస్తులో తట్ట మోస్తుంటే, రెండేళ్ల వాడికి ఇల్లు అంటే అక్క చంకే. పదేళ్ల పిల్ల బాలామృతం లడ్డూ చేసి రోజుకు ఐదుసార్లు తినిపించాలని మన విధానం అనుకుంటోంది, అనుకున్నట్టు ఎక్కడా రాయలేదు అంతే. పొడిగా నోట్లో పోసుకుని ఇద్దరూ పంచుకుంటారు. నేను చూశాను, అక్క మూతి చుట్టూ తెల్లని పొడి, తమ్ముడి చొక్కా మీద మరికొంత. పదిహేను రోజుల్లో నెల ప్యాకెట్టు అయిపోతుంది.

ఆ పిల్లను బడిలో చేర్చడానికి చట్టంలో ఏ అడ్డూ లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను సంవత్సరం మధ్యలోనైనా, వయసు కాగితం లేకపోయినా, పాత బడి నుంచి టీసీ రాకపోయినా చేర్చుకోవాలి, వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిని కలిస్తే గంటలో అయ్యే పని. కానీ ఆమెను మీరు బడిలో చేర్చి వచ్చిన మూడో రోజున మళ్లీ ఇసుక కుప్ప దగ్గర చూస్తారు. బడి మీద ఇష్టం లేక కాదు, తమ్ముణ్ణి వదిలే చోటు లేక. చాలామంది సేవా దృష్టితో వచ్చి, ఈ మూడో రోజున విసిగి, వీళ్లకు చదువు విలువ తెలియదని చెప్పి వెళ్లిపోతారు.

ఆ చోటు ఎవరివ్వాలన్నది కూడా కొత్త ప్రశ్న కాదు. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం, యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట వారి ఆరేళ్లలోపు పిల్లల కోసం గాలి వెలుతురు ఉన్న గది, పిల్లలను చూడటం తెలిసిన ఆడమనిషి ఉండాలని చెప్పింది. కాంట్రాక్టర్లు మనుషులను చిన్న చిన్న ముఠాలుగా చూపించి, ఏ ముఠాలోనూ యాభై మంది ఆడవాళ్లు లేరనడం అలవాటు చేసుకున్నారు. 2020లో చేసిన కార్మిక కోడ్‌లలో ఈ లెక్క ఆడవాళ్ల సంఖ్య నుంచి మొత్తం పనివాళ్ల సంఖ్యకు మారింది, మీ గోడ అవతల పనిచేసేవారు యాభైకి ఎన్నో రెట్లు ఉంటారు. ఆ భవనం కట్టే ఖర్చులో నూటికి ఒక రూపాయి కార్మిక సంక్షేమం కోసం సెస్సుగా కట్టాలన్న చట్టం కూడా 1996దే. ఢిల్లీలో 1969లో, గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం రాజ్‌ఘాట్ దగ్గర జరుగుతున్న నిర్మాణంలో కూలీల పిల్లల కోసం ఒక గుడారం వేసి మొబైల్ క్రెష్ పేరిట శిశు సంరక్షణ కేంద్రం మొదలుపెట్టారు. అప్పటి నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. అంటే చేయడం ఎలాగో తెలియక ఆగిన పని కాదు.

కాబట్టి మీ అసోసియేషన్ శక్తిని ఆశ్రమం వెతకడం మీద కాకుండా ఈ గది మీద పెట్టమని నా సలహా. మీ భవనాన్నీ, పక్క భవనాన్నీ ఒకే బిల్డరు కడుతుంటే మరీ సులువు, ఇళ్లు కొన్నవారి మాట బిల్డరు వింటాడు. అడగవలసింది పెద్దదేమీ కాదు. షెడ్ల దగ్గరే, క్రేను తిరగని వైపున, ఒక గది, తాగునీరు, కింద పరిచే చాపలు, తలుపుకు పిల్లలు తీయలేని గొళ్లెం, కూలీల ఆడవాళ్లలోనే ఇద్దరికి ఆ పనికి కూలీ. అంగన్‌వాడీ టీచరు వారానికోసారి అక్కడికే వచ్చి తూచి, ప్యాకెట్లు అక్కడే విప్పి కలిపి పెట్టేలా సీడీపీఓను ఒప్పించవచ్చు. అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం నడిపే పాల్నా పథకం కూడా ఉంది, మీ ప్రాంతానికి అది వస్తుందా అని అదే కాగితంలో అడగండి. తలుపు తెరిచే వేళ తల్లి పనిలోకి ఎక్కే వేళకు ముందుండాలి, ఇది ఒక్కటి తప్పితే మిగిలినదంతా వృథా.

ఆశ్రమం గురించి అడిగారు. తల్లి ఉంది, కష్టపడుతోంది, పిల్లలను వదలాలనుకోవడం లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం, బిడ్డకు మొదటి చోటు కుటుంబమనీ, సంస్థలో ఉంచడం వేరే దారి లేనప్పుడు చేసేదనీ స్పష్టంగా చెప్పింది. పైగా ఆశ్రమం అని బోర్డు పెట్టిన ప్రతి ఇల్లూ ఆ చట్టం కింద నమోదైనది కాదు, నమోదు లేకుండా నడపడం నేరం. పెంచుకుంటామన్న బంధువులకు మర్యాదగా వద్దని చెప్పండి. చట్టంలో చెప్పిన పద్ధతి తప్పి బిడ్డను చేతులు మార్చితే మూడేళ్ల దాకా జైలు ఉంది. తల్లి నిజంగానే పెంచలేనని అనుకున్నా, ఆమె శిశు సంక్షేమ సమితి ముందు ఆ మాట చెప్పి, మనసు మార్చుకోవడానికి అరవై రోజుల గడువు ముగిసిన తరువాతే ఆ దారి తెరుచుకుంటుంది. ఎనిమిది కిలోల బిడ్డను, కూలీ డబ్బు లేని వారంలో, ఒక తల్లి దగ్గర అడగడమే అన్యాయమని నా అభిప్రాయం.

1098 గురించి మీ భయం నాకు తెలుసు. ఆ నంబరుకు ఫోన్ చేసిన ప్రతిసారీ పిల్లలను జీపులో ఎక్కించుకుని పోరు. వచ్చినవారు విచారించి, అవసరమైతే జిల్లా శిశు సంక్షేమ సమితి ముందు పెడతారు, సమితి తల్లి మాట వింటుంది. పేరు ఎక్కించుకోవడానికి, గది కోసం 1098 అక్కర్లేదు. అయితే ఆ పిల్ల చేత ఎవరైనా సైటులో పని చేయిస్తున్నా, ఆమెకు పెళ్లి చేస్తామన్న మాట వినిపించినా, ఎవరి దగ్గరికి వెళ్లాలన్నా ఆమె బెదురుతున్నట్టు మీకు అనిపించినా, తల్లి రెండు రోజులు కనిపించకపోయినా క్షణం ఆలోచించకుండా చేయండి. రాత్రయినా పలుకుతారు. ఇక ఫోటో వద్దు. ఇటువంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది, మీ అబ్బాయి ఉద్దేశం మంచిదే అయినా ఆ ఫోటో ఆమె పెళ్లీడుకు వచ్చేదాకా ఫోన్లలో తిరుగుతుంది. అతని ఉత్సాహానికి పని కావాలంటే షెడ్లలోని పిల్లల లెక్క అతని చేత రాయించండి, పేర్లు ఎవరికీ పంపకుండా.

డబ్బు రూపంలో వచ్చే సాయం ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. పిల్లల రక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద, భర్త వదిలేసిన తల్లి దగ్గర పెరిగే పిల్లలకు స్పాన్సర్‌షిప్ పేరిట ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయలు ఇవ్వవచ్చు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి, కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ మంజూరు చేస్తుంది. పట్టణంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 రూపాయలు మించకూడదన్న షరతు ఉంది. అంటే నెలకు 8,000. కూలీ బాగా దొరికిన నెలలో ఆమె సంపాదన దీన్ని దాటుతుంది, వాన కురిసిన నెలలో, పిల్లవాడికి జ్వరం వచ్చిన నెలలో సగం కూడా ఉండదు. ఈ గీత గీసినవారు రోజుకూలీ ఇంటి లెక్కను జీతగాడి ఇంటి లెక్కలా చూశారని నాకు ఎప్పటి నుంచో ఫిర్యాదు. అయినా దరఖాస్తు మానవద్దు, పని లేని రోజులను కలుపుకుని లెక్క వేయించండి. దానితో పాటు, ఏడాదిలో తొంభై రోజులు పనిచేసిన ఆధారం చూపి ఆమెను నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేయించండి. ఊళ్లో రేషన్ కార్డు ఉంటే, దాని మీద ఇక్కడి చౌకధరల దుకాణంలోనే బియ్యం తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఈ ఏర్పాటు 2019 ఆగస్టు నుంచే ఉంది, ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

వీటన్నిటికీ ముందు, ఈ సాయంత్రం ఆమె పని దిగి, కాళ్లు కడుక్కుని, పొయ్యి వెలిగించేదాకా ఆగి, తరువాత వెళ్లి కూర్చోండి. ఆమె పక్కనుండగా పిల్లవాడి జబ్బ కొలవండి, పాదాలు చూడండి. ఆస్పత్రికి వెళ్లే రోజు ఆమెనే నిర్ణయించనివ్వండి, కానీ అది ఈ వారం దాటకుండా చూడండి. కొలత ఎంత వచ్చిందో, గుంట పడిందో లేదో, ఊళ్లో అంగన్‌వాడీలో పేరు ఉందో లేదో ఈ మూడూ నాకు మళ్లీ రాయండి. మీ వైపు సీడీపీఓకు ఇవ్వవలసిన కాగితం ఎలా రాయాలో దాన్నిబట్టి చెబుతాను.